నేల లేని దొడ్డి: గుంటూరులో ఒక మిద్దెతోట మొదటి ఏడాది

2023 ఏప్రిల్ మూడో వారంలో బ్రాడీపేట నుంచి ఫోన్ వచ్చింది. "ముప్పై బస్తాల్లో టమాటా, వంగ, బెండ పెట్టాను బాబూ. పూత వస్తోంది, రాలిపోతోంది. ఒకసారి వచ్చి చూస్తారా?" అని ఒక పెద్దావిడ అడిగారు. గుంటూరులో ఇళ్లకు వెళ్లి మిద్దెతోటలు పెట్టించడం, పెట్టుకున్నవాళ్లకు సలహా ఇవ్వడం పదకొండేళ్లుగా నా పని. ఎండలు ముదిరే రోజుల్లో నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి.

ఎన్నో ఇళ్లు చూశాను కానీ ఈ ఇంటి గురించే పూర్తిగా రాయడానికి ఒక కారణం ఉంది. ఆవిడ మొదటి రోజు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టారు. ఏ రోజు ఏ విత్తనం వేశారో, ఏ నీళ్లు పోశారో, ఎంత కాయ కోశారో, ఏ మొక్క ఎప్పుడు చచ్చిపోయిందో అన్నీ అందులో ఉన్నాయి. నేను చెప్పినవాటిలో ఏది పనిచేసిందో, ఏది చేయలేదో కూడా తేదీలతో ఉంది. ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. ఆవిడా, ఆవిడ భర్తా రాసుకోమన్నారు, అయినా పేర్లు రాయడం లేదు. నేను వాళ్లను పిన్నిగారు, బాబాయిగారు అని పిలుస్తాను. ఇక్కడా అలాగే రాస్తాను.

మొదటి రోజు చూసింది

రెండంతస్తుల ఇల్లు, పైన సుమారు వెయ్యి చదరపు అడుగుల డాబా. తూర్పు, దక్షిణం పూర్తిగా ఖాళీ. పడమటి వైపు నీళ్ల ట్యాంకు, దాని నీడ మధ్యాహ్నం దాటాక ఓ పది అడుగుల మేర పడుతుంది. బాబాయిగారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. పిన్నిగారి పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లె. వాళ్ల దొడ్లో బావి, బావి గట్టు పక్కన అరటి, పొట్ల పందిరి, ప్రహరీ మీదికి పాకిన చిక్కుడు ఉండేవట. "మా అమ్మ మొక్కల కోసం ఏమీ చేసేది కాదు బాబూ. గిన్నెలు కడిగిన నీళ్లు అటు పోయేవి, అంతే. ఇల్లంతా తిని ఊళ్లో పంచేవాళ్లం. నేను ఇంత కష్టపడుతుంటే ఒక్క కాయ నిలవదేం?" అని అడిగారు.

ఆ ప్రశ్న దగ్గరే ఈ కేసు మొత్తం ఉంది. వాళ్లమ్మగారు చేయని పనులన్నీ దొడ్లో నేల చేసేది. ఎక్కువైన నీటిని కిందకు దింపుకునేది, ఎండ వచ్చినప్పుడు అడుగు నుంచి తడి ఇచ్చేది, వేరును చల్లగా ఉంచేది, ఉప్పును లోతుకు తోసేది. వానపాములు, తేనెటీగలు, పురుగులను తినే పురుగులు, అన్నింటికీ ఆ నేల చుట్టూనే కాపురం. మిద్దె మీద నేల లేదు. అడుగున్నర లోతు సంచీ ఉంది, దాని కింద కాలుతున్న శ్లాబు ఉంది. దొడ్లో నేల చూసుకున్న ప్రతి పనీ ఇక్కడ మనిషి చూసుకోవాలి. పిన్నిగారు దొడ్డిని యథాతథంగా డాబా ఎక్కించాలని చూశారు, చాలామంది చేసేదే ఇది.

ఖాళీ సిమెంటు బస్తాల్లో బాబాయిగారి ఊరి పొలం నుంచి తెప్పించిన నల్లరేగడి నింపారు. పొలంలో అది బంగారంలాంటి మట్టి. బస్తాలో మాత్రం తడిస్తే జిగట, ఆరితే రాయి. వేలు గుచ్చితే దిగలేదు. ఒక బస్తా కోసి చూస్తే పై నాలుగంగుళాలు ఎండిపోయి బీటలు వారింది, అడుగున మాత్రం నీరు నిలిచి కుళ్లు వాసన. మధ్యాహ్నం రెండింటికి శ్లాబును ఆనుకున్న చోట థర్మామీటర్ గుచ్చితే 44 డిగ్రీలు చూపించింది.

పూత రాలడానికి కారణం వేరు. ఆవిడ టమాటా నారు ఫిబ్రవరిలో పోశారు, పూత ఏప్రిల్లో వచ్చింది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25కు దిగకపోతే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పువ్వు వస్తుంది, కాయ కట్టదు. గుంటూరు ఏప్రిల్లో ఎన్ని నీళ్లు పోసినా, ఏ మందు కొట్టినా అది మారదు. ఆవిడ అప్పటికే మూడు రకాల టానిక్కులు కొని కొట్టి ఉన్నారు.

అన్నీ తీసేసి మృగశిర కార్తె దాకా ఆగుదామన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. ఉన్న మొక్కను పీకమని చెప్పడం నా పనిలో నాకు అన్నిటికన్నా కష్టంగా ఉండే సంగతి. చివరికి ట్యాంకు నీడలో రెండు తొట్లలో బచ్చలి, తోటకూర ఉంచుకోవడానికి ఒప్పుకున్నాం.

బరువు, మట్టి

మొక్కల కన్నా ముందు శ్లాబు సంగతి తేల్చాలి. మనుషులు ఎక్కే డాబాను మన దేశంలో ఇంజినీర్లు సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కన కడతారు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉండే పెద్ద గ్రో బ్యాగ్‌ను, అంటే మొక్కలు పెంచే సంచీని తీసుకోండి. తడిసిన మిశ్రమంతో అది నూరు కిలోలు దాటుతుంది. అది ఆనే చోటు చదరపు మీటరులో మూడోవంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. అలాంటివి డాబా మధ్యలో వరసగా పెడితే శ్లాబుకు మంచిది కాదు. అందుకే పెద్దవన్నీ కింద గోడలూ దూలాలూ ఉన్న గీతల మీద, పిట్టగోడ వెంబడి సర్దాం. ఇల్లు కట్టిన మేస్త్రీని పిలిపించి దూలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో సుద్దతో గీయించాం. ఇల్లు పాతదైతే, శ్లాబులో చెమ్మ కనిపిస్తుంటే నేను ఇంజినీరు చూడకుండా ఒక్క సంచీ కూడా పెట్టించను.

మొత్తం 48 సంచులు: పెద్దవి 12, పదిహేను అంగుళాల గుండ్రటివి 36. ప్రతి సంచీ కింద మూడు ఇటుకలు పెట్టమన్నాను. ఇటుకలు చాలక ఓ పది సంచులు శ్లాబు మీదే ఉండిపోయాయి. వాటి సంగతి డిసెంబరులో తెలిసింది.

మిశ్రమం ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు కొబ్బరి పొట్టు, ఒక వంతు ఎరువు, సంచికి రెండు గుప్పిళ్లు వేపపిండి. ఐదు కిలోల కొబ్బరి పొట్టు దిమ్మ నానితే సుమారు 70 లీటర్లవుతుంది. దాన్ని రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండాలి. అందులో ఉప్పు ఉంటుంది, కడగకుండా కలిపితే నారు ఆకుల అంచులు మాడతాయి. ఎరువు దగ్గర ఒక దెబ్బ తగిలింది. బయట కొన్న పశువుల ఎరువు బాగా మాగిందని చెప్పి అమ్మారు, లోపల వెచ్చగానే ఉంది. చేయి పెట్టి చూస్తే తెలిసింది. దాన్ని గోనె కప్పి నెలన్నర అలాగే వదిలేసి తర్వాత వాడాం. మాగిన ఎరువు చల్లగా ఉంటుంది, పేడ వాసన రాదు, తొలకరి మట్టి వాసన వస్తుంది. కొనేముందు గుప్పిట్లోకి తీసుకుని వాసన చూడమని అందరికీ చెబుతాను.

ఆగస్టు ఉప్పు

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. మృగశిర వచ్చినా ఎండ తగ్గలేదు. జూన్ ఆఖరులో గోంగూర, తోటకూర, బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర వేశాం. మొలకలు వచ్చిన మూడో రోజు పావురాలు సగం బెండ పీకేశాయి. మళ్లీ వేసి వల కప్పారు. జులైలో గోంగూర తొలికోత రోజు పిన్నిగారు నోట్‌బుక్‌లో ఎంత కోశారో రాయలేదు. "పచ్చడి చేశాను, పక్కింటికి, కింద అద్దెవాళ్లకి, బాబుకి" అని రాశారు. ఆ బాబు నేనే. ఎర్ర గోంగూర, పుల్లగా, నూనె తేలుతూ, పైన వెల్లుల్లి. ఆ రుచి ఇంకా గుర్తుంది.

ఆగస్టు మూడో వారంలో ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి ఎండడం మొదలైంది. ముందు గోరుచిక్కుడు, తర్వాత బెండ. సంచుల పై అంచున తెల్లటి పొర కట్టింది. నోట్‌బుక్ తిరగేస్తే కారణం దొరికింది. 2023 ఆగస్టు, దేశం మొత్తం మీద చూస్తే 1901 తర్వాత అంత తక్కువ వాన పడిన ఆగస్టు ఇంకొకటి లేదు. జులైలో వాన, కుళాయి నీళ్లతో సరిపోయింది. ఆగస్టులో వాన లేదు, కుళాయి నీళ్లు వంటకూ తాగడానికే అయిపోయేవి, మొక్కలకు మూడు వారాల పాటు పూర్తిగా బోరు నీళ్లే పోశారు. ఆ బోరు నీళ్లు నోట్లో వేసుకుంటేనే ఉప్పన తెలుస్తుంది.

పొలంలో ఒక మంచి వాన పడితే పైనున్న ఉప్పు కిందకు దిగిపోతుంది. సంచీలో రోజుకు లీటరో రెండు లీటర్లో పోస్తే నీరు ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే మిగులుతుంది. రేపు ఇంకాస్త చేరుతుంది. చేయాల్సింది సులభమే కానీ క్రమం తప్పకూడదు. పది రోజులకొకసారి ఒక్కో సంచికి మంచినీళ్లు అడుగు నుంచి ధారగా కారేదాకా పోయాలి. మధ్యలో బోరు నీళ్లు తప్పకపోతే సగం కుళాయి నీళ్లు కలపాలి. వాన పడిన రోజు డాబా మీది నీటిని రెండు డ్రమ్ములకు పట్టుకునే ఏర్పాటు చేశాం. సెప్టెంబరు వానలకు కొత్త ఆకు శుభ్రంగా వచ్చింది. గోరుచిక్కుడు మాత్రం కోలుకోలేదు.

బీర పిందెలు

ఇది నా తప్పు, వివరంగా రాయాలి.

ఆగస్టు రెండో వారానికి బీర పందిరి నిండింది. పసుపు పువ్వులు గుత్తులు గుత్తులు. పిందెలు వేలెడంత అయి, పసుపెక్కి, వాడి రాలిపోతున్నాయి. నేను వెళ్లి చూసి పండు ఈగ అనుకున్నాను, ఎర బుట్టలు కట్టించాను. ఈగలు ఒకటీ అరా పడ్డాయి, పిందెలు రాలడం ఆగలేదు. రెండోసారి బోరాన్ అనే పోషకం లోపం అన్నాను. మూడోసారి, ఎరువు ఎక్కువై తీగ ఆకుకే పోతోందన్నాను. మూడు వారాలు గడిచాయి. నోట్‌బుక్ లెక్క ప్రకారం ఆగస్టు 16 నుంచి సెప్టెంబరు 6 వరకు రాలిన పిందెలు 41, నిలిచిన కాయలు 3.

ఆ తర్వాత ఒక రోజు పొద్దున వేరే పని పడి సాయంత్రం ఆరింటికి వెళ్లాను. పందిరి కింద నిలబడితే పువ్వులు అప్పుడే విచ్చుకుంటున్నాయి. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుందని చదువుకున్నవాడినే. అయినా మూడు సార్లూ పొద్దున ఎనిమిది తర్వాత వెళ్లి, అప్పటికే వాడిన పువ్వులను చూసి, నాకు తెలిసిన రోగాల్లో ఒకటి అంటగట్టాను. మగ పువ్వులున్నాయి, కింద పిందెతో ఆడ పువ్వులున్నాయి, పుప్పొడి మోసే పురుగు మాత్రం ఒక్కటీ కనిపించలేదు. పల్లెలో దొడ్డి చుట్టూ చెట్లుంటాయి, సందెవేళ తిరిగే రెక్కల పురుగులుంటాయి. చుట్టూ సిమెంటు, పైన వీధి దీపం ఉన్న మిద్దె మీదకు అవి రావడం తక్కువ.

మగ పువ్వు కోసి, రేకులు తుంచి, మధ్యలోని పుప్పొడిని ఆడ పువ్వు మధ్యభాగానికి మెత్తగా అద్దితే చాలు. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పువ్వులకు వస్తుంది. సొర, పొట్ల కూడా సందెవేళే. కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే. నేతిబీర చూడ్డానికి బీరలాగే ఉంటుంది కానీ అదీ పొద్దున్నే. ఏ తీగకు ఏ వేళో పిన్నిగారు ఒక అట్టముక్క మీద రాసి ట్యాంకుకు కట్టారు.

చేతులు వణుకుతున్నాయని ఆవిడ ఆ పని బాబాయిగారికి ఇచ్చారు. ఆయన రిటైరయ్యాక డాబా ఎక్కడమే మానేశారట, సాయంత్రాలు టీవీ ముందే. మొదట్లో మెట్ల దగ్గర కాస్త గొణిగారు. అద్దిన ప్రతి పువ్వు తొడిమకూ ఎర్ర దారం ముక్క కట్టడం ఆయన సొంత ఆలోచన. పదిరోజుల తర్వాత ఆయనే నాకు ఫోన్ చేశారు: "పదింటికి దారం కట్టానండీ, ఏడు నిలిచాయి." బ్యాంకులో ముప్పై ఏళ్లు లెక్కలు చూసిన మనిషి గొంతులో అంత సంబరం విని, ఆ రోజు నాకు పనంతా తేలిగ్గా అనిపించింది. అక్టోబరులో వాళ్లింట్లో బీరకాయ కొనలేదు. తొక్కతో పచ్చడి, లేతవి పప్పులోకి. ఆడపడుచు ఇంటికి అరండల్‌పేటకు సంచీ పంపారు.

నాకు మాత్రం ఒక పద్ధతి ఏర్పడింది. పిందె రాలుతోందని ఎవరు పిలిచినా మొదటిసారి సాయంత్రం వెళ్తాను, రెండోసారి తెల్లవారి వెళ్తాను, ఆ రెండూ అయ్యేదాకా మందు పేరు ఎత్తను. డాబా మీద తులసి, బంతి ఎక్కువ పెట్టిస్తాను. ఆ ఇంట్లో కార్తీకం నాటికి తులసి మీద చిన్న తేనెటీగలు వాలడం మొదలైంది.

టమాటా, తుఫాను

టమాటా నారు ఈసారి ఆగస్టు ఆఖరులో పోశాం, సెప్టెంబరు ఆఖరులో నాటాం. 14 మొక్కలు, సగం నాటురకం, సగం అర్క రక్షక్. బెంగళూరు దగ్గర హెస్సరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన హైబ్రిడ్ అది. ఆకుముడత వైరస్‌నూ వడలు తెగులునూ తట్టుకుంటుంది. నవంబరులో తొలి కాయల అడుగున నల్లటి మచ్చ పడి కుళ్లింది. పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లి, తిరిగొచ్చి ఒకేసారి తడిపేశారు. కాయకు కాల్షియం నీటితోనే అందుతుంది, నీరు తెగి వస్తే కాయ కొసకు చేరదు. టైమర్‌తో చుక్కలు చుక్కలుగా నీళ్లిచ్చే డ్రిప్ పెట్టించాక తర్వాతి గుత్తులకు ఆ మచ్చ లేదు. నోట్‌బుక్‌లో ఉన్న ఖర్చుల్లో దండగ కానిది ఏదంటే డ్రిప్ అనే అంటాను.

డిసెంబరు 3న మిచాంగ్ తుఫాను కబురు. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది, గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. బాపట్ల మాకు సుమారు 50 కిలోమీటర్లు. ముందు రోజే పందిరి తాళ్లు విప్పి తీగలను కిందకు దింపించాను. ఎండ తగ్గించే నీడవల, షేడ్ నెట్, విప్పి చుట్టేశాం. చిన్న సంచులను పిట్టగోడ మూలకు చేర్చి ఒకదానికొకటి ఆనించాం. గాలికి పోయింది చాలా తక్కువ.

దెబ్బ నీళ్ల వల్ల తగిలింది. వాన నీళ్లు దిగే తూముకు అడుగు దూరంలోనే మూడు సంచులు పెట్టడానికి నేను ఒప్పుకున్నాను, అక్కడ ఎండ బాగా తగులుతుందని. వాటిలోంచి కొట్టుకొచ్చిన కొబ్బరి పొట్టు, మొక్కల మొదళ్లలో పరిచిన ఎండుటాకులు తూమును మూసేశాయి. చుట్టూ పిట్టగోడ, డాబా చెరువైపోయింది. బాబాయిగారు చూసేటప్పటికి నాలుగంగుళాల నీరు. వెయ్యి చదరపు అడుగుల మీద ఒక్క అంగుళం నీరంటే రెండు టన్నుల పైమాట, నాలుగంగుళాలంటే తొమ్మిది టన్నులు. తోట మొత్తం బరువు కలిపినా మూడు టన్నులు లేదు. మేం సంచుల బరువును దూలాల మీద అంత జాగ్రత్తగా సర్ది, దానికి మూడింతల బరువును ఒక తూము మూతకు వదిలేశాం. ఆయన ఆ వానలో రేకు టోపీ పెట్టుకుని వెళ్లి చేత్తో కెలికి తీశారు. మరుసటి రోజు ఆ సంగతి విన్నప్పుడు నాకు కాళ్లలో వణుకు వచ్చింది. పెద్దవాళ్లు, తడి మెట్లు, ఆ గాలి.

ఇప్పుడు నేను పెట్టించే ఏ డాబా మీదైనా తూముకు మూడడుగుల లోపు సంచీ ఉండదు. తూము మీద స్టీలు జల్లెడ, దానికి ముందు ఇటుకలతో చిన్న అడ్డు. రెండో తూము లేకపోతే కొట్టించాకే తోట.

వాన వెలిశాక వారానికి ఐదు టమాటా మొక్కలు పచ్చగా ఉండగానే వాడిపోయాయి. పీకితే వేళ్లు కుళ్లి నల్లగా ఉన్నాయి. ఐదూ ఇటుకలు లేకుండా నేరుగా శ్లాబు మీద పెట్టిన సంచుల్లోవే. అడుగు రంధ్రాలు శ్లాబుకు అతుక్కుని నీరు దిగలేదు. ఇటుకల మీదున్న తొమ్మిదీ నిలిచి ఫిబ్రవరి ఆఖరుదాకా కాశాయి. నేను ఎన్ని ఇళ్లలో చెప్పినా పట్టించుకోని మాట, మూడు ఇటుకల మాట, ఆ వారంలో కళ్లముందు రుజువైంది.

మిరప దగ్గర ఓడిపోయాం

గుంటూరులో ఇల్లు పెట్టుకుని మిరప లేకపోతే ఎలాగని పిన్నిగారి పట్టుదల. తొమ్మిది మొక్కలు. లేతాకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందకు ముడుచుకుంటే నల్లి, ఇది ఇక్కడ ఏ మిరప రైతునడిగినా చెబుతాడు. మాకు పైముడత వచ్చింది, దాంతోపాటు పువ్వుల్లో నల్లటి సన్నటి పురుగులు. 2021-22లో ఈ ప్రాంతపు మిరప తోటలను తుడిచిపెట్టిన నల్ల తామర పురుగు అది. పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే పాకుతూ కనిపిస్తుంది.

నీలం రంగు జిగురు అట్టలు కట్టాం. వేపనూనె లీటరుకు ఐదు మిల్లీలీటర్లు, కాస్త సబ్బు ద్రావణం కలిపి సాయంత్రాలు ఆకు అడుగున తడిసేలా వారానికి రెండుసార్లు కొట్టాం. ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టే జీవామృతం పోశాం. పట్టిన పువ్వులు గిల్లేశాం. పురుగు తగ్గినట్టే ఉంటుంది, వారం తిరిగేసరికి మళ్లీ వస్తుంది. చుట్టూ మిరప పండే ఊరు ఇది, గాలికి ఎగిరొచ్చే పురుగును ఒక డాబా మీద ఆపలేం. ఇంటి మొక్కకు రసాయన మందు కొట్టడం మాకెవరికీ ఇష్టం లేదు. జనవరిలో ఆరు మొక్కలు పీకేశాం. మిగిలిన మూడింటి నుంచి తాలింపుకు సరిపడా కాయలు వచ్చాయి. వేపనూనెతో అన్నీ పోతాయని చెప్పేవాళ్లను నేను నమ్మను. పిండినల్లికి, పేనుబంకకు మొదట్లోనే చూసుకుంటే బాగా పనిచేస్తుంది. నల్ల తామర పురుగుకు మాత్రం ఈ డాబా మీద చాల్లేదు.

మళ్లీ ఎండాకాలం

సంక్రాంతి నుంచి మార్చి మొదటి వారం దాకా ఈ తోటకు పండగ రోజులు. వంకాయలు, టమాటాలు, పాలకూర, మెంతికూర, ముల్లంగి, చిక్కుడు. మనవడు బెంగళూరు నుంచి వచ్చి పది రోజులున్నాడు, ఆరేళ్లవాడు. వంకాయ ముట్టనివాడు తానే కోసిన నాలుగు వంకాయలు వండించుకుని తిన్నాడు. వెళ్లాక మళ్లీ మానేశాడట. పిన్నిగారు అదీ రాసి పెట్టారు.

2024 ఏప్రిల్, మే ఎండల గురించి మన జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈసారి ముందే సిద్ధపడ్డాం. మార్చి మధ్యలో 50 శాతం షేడ్ నెట్ కట్టాం. సంచుల చుట్టూ పాత గోనెలు చుట్టాం, ఎండ తగిలే వైపు రెండు పొరలు. మొదళ్లలో చెరకు రసం బండి దగ్గర తెచ్చిన పిప్పి పరిచాం. దాన్ని మూడు రోజులు బాగా ఎండబెట్టాలి, లేకపోతే చీమలు పడతాయి. కిందటేడు 44 చూపించిన చోటే అదే వేళ 37 వచ్చింది. నీళ్లు పొద్దున ఆరు లోపు, సాయంత్రం ఆరు తర్వాత, పెద్ద సంచికి పూటకు మూడు లీటర్లు.

48 సంచుల్లో 18 మాత్రమే నడిపాం. తోటకూర, బచ్చలి, బెండ, గంగపాయల కూర. మిగతా 30 సంచుల్లో మట్టిని తడిపి, పారదర్శకమైన పాలిథిన్ కప్పి, నెలన్నర ఎండకు వదిలేశాం. టమాటా వేళ్లను కుళ్లబెట్టిన శిలీంధ్రాలు, మట్టిలోని పురుగుల గుడ్లు ఆ వేడికి చాలావరకు చస్తాయి. గుంటూరు ఎండ మనకు చేసిపెట్టే మేలు ఇదొక్కటే, దాన్నెందుకు వదులుకోవాలి? కిందటేడు రెండు నెలలు ఖాళీగా ఉంచమంటే బాధపడిన పిన్నిగారే ఈసారి "వీటికీ సెలవులివ్వాలి కదా" అని తానే పాలిథిన్ తెప్పించారు.

లెక్క

2023 జూన్ నుంచి 2024 మే వరకు నోట్‌బుక్‌లో ఉన్న ఖర్చు 31,400 రూపాయలు. సంచులు, మిశ్రమం, డ్రిప్, షేడ్ నెట్, పందిరి ఇనుము, రెండో తూము కొట్టించడం అన్నీ కలిపి. నా ఫీజు అందులో లేదు. కోసింది 127 కిలోలు, అందులో ఆకుకూరలే 46. బజారు ధర కట్టి చూస్తే ఖర్చులో నాలుగో వంతు కూడా రాలేదు. సంచులు, నెట్ నాలుగైదేళ్లు వస్తాయి కాబట్టి రెండో ఏడాది లెక్క వేరుగా ఉంటుంది. అయినా కూరగాయల ఖర్చు తగ్గుతుందని చెప్పి నేను ఎవరిచేతా మిద్దెతోట పెట్టించను. అలా ఆశపెట్టి పెట్టించిన తోటలు రెండో వేసవికి ఖాళీ సంచులుగా మిగలడం చాలా ఇళ్లలో చూశాను.

రోజుకు ఇద్దరికీ కలిపి గంటన్నర పని. పిన్నిగారికి నడుం నొప్పి రెండుసార్లు బాగా వచ్చింది. దాంతో ఆకుకూరల తొట్లను నడుం ఎత్తు ఇనుప స్టాండ్ల మీదకు మార్చాం, ఆ స్టాండ్లు దూలం గీత మీదే. జూన్లో కలిసి కూర్చుని రెండో ఏడాదికి సంచులు 48 నుంచి 36కు తగ్గించాం. మిరప మూడే మొక్కలు, అవీ వల లోపల. ట్యాంకు నీడలో కంద వేయాలని ఆవిడ కోరిక, కందా బచ్చలి కలిపి వండాలట. అది నేనెప్పుడూ సంచీలో పెంచలేదు, చూద్దామన్నాను.

ఆగస్టులో ఒక సాయంత్రం కంద ఆకు ఎలా ఉందో కనుక్కుందామని ఫోన్ చేశాను. బాబాయిగారు ఎత్తారు. "బాగుందండీ, రేపు మాట్లాడుకుందాం. పువ్వులు విచ్చుకుంటున్నాయి, మళ్లీ చీకటి పడిపోద్ది" అని పెట్టేశారు.